ప్రోగ్రామ్‌కు ఎవరూ చెప్పని సంగతి

సివ్ లాంటోకు తల్లి మాట సగమే వచ్చు. వింటే అర్థమవుతుంది, నోటికి రాదు. స్వీడన్ ఉత్తర కొసన మా లోయలో ఆమె వయసు వాళ్ళలో చాలామంది ఇంతే. వాళ్ళ అమ్మానాన్నలు చిన్నప్పుడు బడిలో ఆ మాట మాట్లాడి దెబ్బలు తిన్నవాళ్ళు. తమ పిల్లలకు ఆ బాధ వద్దనుకుని వాళ్ళతో స్వీడిష్‌లోనే మాట్లాడారు. పెద్దవాళ్ళతో, ఆవులతో, గుర్రాలతో మాత్రం పాత మాటే. దానికి గొప్ప పేరేమీ లేదు. 'మా మాట' అంటారు. నది దాటి ఫిన్లాండ్ వైపు వెళ్తే అక్కడివాళ్ళకూ అది ఇంచుమించు అర్థమవుతుంది.

నేను సముద్రం ఒడ్డు ఊరి నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చినదాన్ని. నాకు ఆ మాట ఒక్క ముక్క రాదు. అందుకని ఇందులో ఆ మాటలో నడిచిన కబుర్లన్నీ సివ్ నాకు చెప్పినవే. ఇద్దరం మున్సిపాలిటీలో ఒకే పని చేసేవాళ్ళం. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మందులివ్వడం, స్నానం చేయించడం, వాచిన కాళ్ళకు బిగుతు మేజోళ్ళు తొడగడం, పొయ్యి మీద ఏదైనా మరిచిపోయారేమో చూడడం. మంచులో కారు నడపడమే మా పనిలో సగం.

సివ్ వెళ్ళే ఇళ్ళలో చివరిది కూసివారాలో ఎల్మా ఇల్లు. తారు రోడ్డు అయిపోయాక ఇంకా లోపలికి పోవాలి. ఎల్మాకు తొంభై దగ్గర పడింది. ఆవిడా, సివ్ తల్లీ ఒకప్పుడు నదిలో దుంగలు వదిలే కూలీలకు కలిసి వంట చేశారు. సివ్ తల్లి పోయి కొన్నేళ్ళయింది. ఆ రోజుల సంగతి ఎరిగిన మనిషి లోయ మొత్తంలో ఎల్మా ఒక్కతే మిగిలింది.

వయసు పైబడ్డాక ఎల్మాకు స్వీడిష్ మెల్లమెల్లగా జారిపోసాగింది. బడిలో నేర్చుకున్న మాట ముందు పోయింది, ఒడిలో నేర్చుకున్నది మిగిలింది. తల రుద్దించుకునేటప్పుడు ఆవిడకు కబుర్లు ఊరేవి. సింకు పక్కన కుర్చీ వేసి, మెడ కింద తువ్వాలు పెట్టి, సివ్ గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే కళ్ళు మూసుకుని ఆ పాత మాటలో మొదలుపెట్టేది.

"ఏటే గుంటా, నీళ్ళు సల్లారిపోనాయి. మీ అమ్మా ఇలగే. నన్ను సలిలో నిలబెట్టీసి కబుర్లు సెప్పీది."

"ఏం కబుర్లు?" అని సివ్ స్వీడిష్‌లో అడిగేది.

"ఏటేటో. ఓపాలి దుంగలోల్ల గంజిలో ఉప్పుకి బదులు పంచదార ఏసీసింది. ఆల్లు తిట్టుకుంటా తాగీసినారు. అది నా ఎనకాల దాగుండి నవ్వాపుకోలేక సచ్చింది."

సివ్ ఎరిగిన తల్లి నవ్వే మనిషి కాదు. చర్చికి నల్ల కోటు వేసుకుని వెళ్ళి, నల్ల కోటుతోనే తిరిగొచ్చి, బంగాళాదుంపలు ఒలిచే మనిషి. ఎల్మా ఇంటి నుంచి వచ్చిన రోజున సివ్ ఆఫీసు వంటగదిలో కాఫీ కప్పు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయి నిలబడేది.

"బార్బ్రో, నాకు తెలిసిన అమ్మ వేరు, ఆవిడ చెప్పే అమ్మ వేరు. ఆ రెండో ఆవిణ్ణి నేనెప్పుడూ కలవలేదు" అంది నాతో ఓసారి.

ఆ శరదృతువులో మా ఆఫీసుకు కొత్త కంప్యూటర్ ప్రోగ్రామ్ వచ్చింది. అంతకుముందు ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలో మా పై అధికారి ఆగ్నెటా గోడ మీది బోర్డులో అయస్కాంతం బిళ్ళలు జరిపి చెప్పేది. ప్రతి సోమవారం గొడవే. ఒకరికి దూరం ఎక్కువ, ఇంకొకరికి మెట్లు ఎక్కువ. ప్రోగ్రామ్ వచ్చాక పొద్దున్నే ఫోనులో ఇళ్ళ వరస వచ్చేది. గొడవలు ఆగాయి, కారు తిరగడం తగ్గింది, నిజం చెప్పాలంటే నాకు ప్రాణం హాయిగా ఉంది. సివ్ ఫోనులో మాత్రం కూసివారా కనిపించడం మానేసింది.

కొన్నాళ్ళు చూసి ఆమె ఆగ్నెటా గదిలోకి వెళ్ళింది. తలుపు తీసే ఉంది, నేను కోటు వేసుకుంటూ విన్నాను.

"ఆగ్నెటా, కూసివారా నాకెందుకు రావట్లేదు?"

"నేనేం చేశాను? ప్రోగ్రామ్ అలా ఇస్తోంది."

"ఎందుకలా ఇస్తోంది?"

"దూరాలు చూసుకుంటుందట. అంతకుమించి నాకేం తెలుసు సివ్? పొద్దున నీకు కనిపించేదే నాకూ కనిపిస్తుంది."

"మరి లోపల ఏముందో ఎవరికి తెలుసు?"

"చేసినవాళ్ళకి."

"వాళ్ళకి ఎల్మా తెలుసా?"

ఆగ్నెటా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కోపం రాలేదు ఆమెకు. "కాఫీ తాగుతావా?" అని అడిగింది.

ఎల్మా ఇంటికి ఆ తర్వాత రోజుకో మనిషి వెళ్ళసాగారు. ఏ రోజు ఎవరు ఆ దిక్కున ఉంటే వాళ్ళు. నేనూ వెళ్ళాను. ఎల్మా నన్ను చూసి పెదాలు బిగించి కూర్చుంది. నేను స్వీడిష్‌లో అడిగినవాటికి "సరే, సరే" అంది, స్నానానికి లేవమంటే లేవలేదు. జబర్దస్తీ చెయ్యలేం కదా. రొట్టె మీద వెన్న రాసి పెట్టి వచ్చేశాను. మిగతావాళ్ళకూ అదే అనుభవం. కొన్నాళ్ళకు ఆవిడ జుట్టు అట్ట కట్టింది. మనిషి చిక్కిపోయింది.

"నీ సెలవు రోజున వెళ్ళి చూసి రావచ్చుగా" అన్నాను సివ్‌తో.

"వెళ్తున్నా, ఆదివారాలు. చుట్టాన్ని వచ్చానని మంచి గౌను తొడుక్కుంటుంది. బల్ల మీద గుడ్డ పరుస్తుంది. అతిథి మర్యాదకని కాఫీలో జున్ను ముక్కలు వేసి ఇస్తుంది. ఇద్దరం బొమ్మల్లా కూర్చుంటాం. తల రుద్దుతానంటే చుట్టాలు తల రుద్దుతారేమిటని సిగ్గుపడుతుంది. పనిమీద వెళ్తేనే బార్బ్రో, ఆ కబుర్లు."

లైబ్రరీ తలుపు మీద అట్ట అంటించారు. మంగళవారం సాయంత్రాలు ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు, ఏమీ రాకపోయినా రావచ్చు, కాఫీ ఇస్తాం అని. సివ్ వెళ్తానంది.

"ఈ వయసులో కంప్యూటర్ పిల్లవైపోతావా?" అన్నాను.

"పిల్లనవ్వను. ఆ ప్రోగ్రామ్ ఎలా ఆలోచిస్తుందో చూస్తాను."

"అది ఆలోచించదే. అమ్ముకునేవాళ్ళు ఆలోచిస్తారు."

"అయితే అదే చూస్తాను" అంది.

పాఠం చెప్పేది హన్నెలె. మా పెద్దబడిలో లెక్కల టీచరు, పొడుగు మనిషి, నవ్వకుండా నవ్విస్తుంది. మొదటి రోజున వచ్చినవాళ్ళు కొద్దిమందే. సివ్ కాకుండా బేకరీ నడిపే ఆవిడ, ఉత్తరాలు పంచి రిటైరైన ఆవిడ, అడవిలో చెట్లు కొట్టే యంత్రం నడిపే ఒకతను. చెట్ల అతన్ని భార్య పంపిందట.

"నేను చెట్లు కొట్టేవాణ్ణి. ఇది నాకెందుకు?" అన్నాడతను కూర్చోగానే.

"ఏ చెట్టు కొట్టాలో నీ యంత్రం తెర మీద చూపిస్తుందా?" అంది హన్నెలె.

"చూపిస్తుంది."

"తప్పు చూపిస్తే?"

"ఫోన్ చేస్తాను."

"చేసి ఏమంటావు?"

"పని చెయ్యట్లేదంటాను."

"వాళ్ళేమంటారు?"

"ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమంటారు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. హన్నెలె మాత్రం నవ్వలేదు.

"మీరు ప్రోగ్రాములు రాసి బతకాలని నేను చెప్పట్లేదు. రొట్టెలు కాల్చేవాళ్ళు కాల్చండి, చెట్లు కొట్టేవాళ్ళు కొట్టండి. కానీ ఇకముందు ఏ పనైనా సగం ఎవరో ఎక్కడో రాసిన ఆజ్ఞల ప్రకారం నడుస్తుంది. మీ సెలవులు, మీ దారి, మీ పిండి ఎప్పుడు రావాలో, అన్నీ. మీ చేత్తో ఒక్కసారి ఓ చిన్నది రాసి చూడండి. అది దేవుడు కాదని తెలుస్తుంది, దెయ్యమూ కాదని తెలుస్తుంది. ఏం అడగాలో తెలుస్తుంది. పని చెయ్యట్లేదన్న మాట దగ్గర ఆగిపోరు" అంది.

సివ్‌కు అది సులువుగా రాలేదు. పేరు అడిగి నమస్కారం చెప్పే ప్రోగ్రామ్ మొదటిది. అందరి కంప్యూటర్లూ నమస్కారం చెప్పాయి, సివ్‌ది ఎర్రటి అక్షరాలతో తిట్టింది. ఎక్కడో ఒక గుర్తు పెట్టడం మరిచిపోయింది. ఇంటికెళ్ళి కోటు విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయిందట. అయినా మరుసటి మంగళవారం వెళ్ళింది. చలికాలమంతా వెళ్ళింది. మేమిద్దరం కారులో వెళ్తుంటే కూడా గొణిగేది: "ఇలా అయితే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి. అయిపోయేదాకా మళ్ళీ మొదటికి రా."

"ఎవర్ని తిడుతున్నావే?" అనేదాన్ని.

"ఎవర్నీ కాదు. ఇళ్ళను ఒక్కొక్కటే చూసి రమ్మంటున్నా."

ఓ శనివారం పొద్దున నాకు ఫోన్ చేసింది. కొట్టంలో దూడ పుట్టినట్టుంది గొంతు. తను రాసింది మొదటిసారి ఎక్కడా ఆగకుండా చివరిదాకా నడిచి సరైన జవాబు ఇచ్చిందట. ఏమిటా జవాబు అంటే, మూడు ఇళ్ళలో ఏది దగ్గరో చెప్పిందట. "అది నేను కిటికీలోంచి చూసి చెప్తాను" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. నవ్వింది.

హన్నెలె ఒక్కొక్కరినీ వాళ్ళ పనిలోంచే ఓ చిక్కు తెచ్చుకోమంది. బేకరీ ఆవిడ పిండి లెక్క తెచ్చింది. సివ్ మా ఇళ్ళను తెచ్చింది. అసలు పేర్లు తీసేసి పక్షుల పేర్లు పెట్టింది, దూరాలు మాత్రం నిజమైనవే. పనివాళ్ళకు చేపల పేర్లు. నేను పైక్ చేపనట. ఎల్మా గుడ్లగూబ. ఏ చేప ఏ పక్షి దగ్గరకు వెళ్తే అందరి దారీ కలిపి తక్కువవుతుందో పంచమని రాసింది. కిందామీదా పడి రాసి నడిపిస్తే, గుడ్లగూబ దగ్గరకు రోజుకో చేప వెళ్ళింది. మా ఆఫీసులో జరిగినట్టే.

"ఇది కూడా అదే చేసింది" అంది హన్నెలెతో.

"దానికి నువ్వేం చెప్పావు?"

"దారి తగ్గించమన్నాను."

"ఇంకేం చెప్పావు?"

"ఇంకేం చెప్పలేదు."

"అయితే నీ ప్రోగ్రామ్ బుద్ధిమంతురాలే. చెప్పిన పని చేసింది."

ఇన్నాళ్ళూ ఎవరో కావాలని ఎల్మాను తన దగ్గర్నుంచి లాక్కున్నారని సివ్ మనసులో ఉండేదట. ఎవరూ లాక్కోలేదు. ఎవరూ చెప్పలేదు, అంతే.

"మనిషి మారితే గుడ్లగూబకు కష్టమని దీనికి తెలియదు" అంది.

"చెప్పు మరి."

"కష్టాన్ని ఎలా చెప్పాలి?"

"అంకె వెయ్యి. ఒక కొత్త ముఖం తప్పించడానికి ఎంత దారి ఎక్కువైనా ఫర్వాలేదనుకుంటావో, ఆ అంకె."

ఆ ప్రశ్న సివ్‌ను కొన్ని రోజులు తినేసింది. కారు నడుపుతూ నన్ను అడిగేది: "నిన్ను నిన్నుగా గుర్తుపట్టే మనిషి తలుపు తియ్యడానికి నువ్వు ఎన్ని కిలోమీటర్లు ఇస్తావు?" చివరికి ఏదో ఒక అంకె వేసింది. నడిపించింది. గుడ్లగూబ పక్కన ప్రతిరోజూ ఒకే చేప వచ్చింది, సాల్మన్. అది సివ్.

"తెర మీద రెండు పేర్లు పక్కపక్కన. అంతే బార్బ్రో. దాన్ని చూస్తూ కాఫీ అంతా చల్లార్చేశాను" అంది.

అది తీసుకెళ్ళి ఆగ్నెటాకు చూపించింది. ఆగ్నెటా రెండుసార్లు నడిపించి చూసి, "నేను ఇన్నాళ్ళూ దీన్ని వాతావరణం అనుకున్నాను సివ్. పడితే పడింది, లేకపోతే లేదు" అంది. ఆ వారంలోనే ప్రోగ్రామ్ చేసిన కంపెనీ మనిషితో మాట్లాడే ఏర్పాటు చేసింది. తూర్‌బ్యోర్న్ అని, తెర మీద కనిపించాడు, వెనకాల చిన్నపిల్లల బొమ్మలు. మర్యాదస్థుడు. సివ్ చెప్పింది పూర్తిగా విని, "ఆ అంకెకు మా దాంట్లో చోటుంది. మొదట్లో మిమ్మల్ని అడిగాం కూడా. జవాబు రాలేదు కాబట్టి సున్నా ఉంచాం" అన్నాడు.

"ఏమని అడిగారు?" అంది ఆగ్నెటా.

అతను వెతికి చదివాడు. "కొనసాగింపుకు భారం ఎంత ఉండాలి, అని."

ఆగ్నెటా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను మందుల సంచీల బరువు అనుకున్నాను. మోయగలిగినంత చాలని వదిలేశాను" అంది. తూర్‌బ్యోర్న్ కూడా పడీ పడీ నవ్వాడు. ఒకే మనిషి వెళ్తూ ఉండడానికి ఎంత విలువిస్తారని దాని అర్థమనీ, ఆ మాట తను రాసిందేననీ, ఇంట్లో కూడా తన మాటలు ఎవరికీ అర్థం కావనీ ఒప్పుకున్నాడు. అంకె వేసి పరీక్షగా నడపడానికి సివ్‌కు ప్రోగ్రామ్ తలుపు తెరిచి ఇచ్చారు.

మొదటి వారం నా పాలిట నరకమైంది. సివ్ పెద్ద అంకె వేసింది. నాకు అలవాటైన ముసలివాళ్ళు లోయకు మూడు మూలలా ఉన్నారు. ప్రోగ్రామ్ వాళ్ళందరినీ నాకే ఇచ్చింది. స్టీరింగ్ పట్టుకునే రొట్టె తిన్నాను, మనవరాల్ని బడి నుంచి తీసుకురావడానికి పక్కింటావిణ్ణి బతిమాలాను. సాయంత్రం ఆఫీసులో సివ్ మీద విరుచుకుపడ్డాను.

"నీ ఎల్మా కోసం మమ్మల్నందర్నీ రోడ్ల మీద చంపుతావా?"

ఆమె ముఖం పాలిపోయింది. "తగ్గిస్తాను. తగ్గిస్తాను బార్బ్రో. అంకె వేస్తున్నప్పుడు నువ్వు నాకు గుర్తు రాలేదు" అంది.

ఆ వారంలోనే సివ్ ఎల్మా ఇంటికి వెళ్ళింది. ఎన్నో నెలల తర్వాత పనిమీద. అట్టకట్టిన జుట్టు చిక్కు తీయడానికే చాలాసేపు పట్టింది. ఎల్మా కళ్ళు మూసుకుంది.

"ఎక్కడికి పోనావే ఇన్నాల్లూ?"

"దారి మారింది ఎల్మా" అంది సివ్ స్వీడిష్‌లో.

"ఏటీ?"

సివ్ మళ్ళీ చెప్పింది. ఎల్మా తలూపింది, అర్థమైనట్టు లేదు; ఈ నెలల్లో ఆవిడకు మిగిలిన స్వీడిష్ కూడా చాలావరకు జారిపోయింది. నీళ్ళు పోస్తుంటే అడిగింది: "మీ అమ్మ పోయినపుడు ఏటనింది? నానెల్లలేకపోనాను గదా. కడకి ఏటనింది, సెప్పు."

ఆ సంగతి సివ్ అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. నాతో కూడా. ఎవరూ అడగలేదు. ఇప్పుడు తల్లి స్నేహితురాలు అడిగింది. సివ్ నీళ్ళ చెంబు కింద పెట్టి, ఆ ఆఖరి మధ్యాహ్నం సంగతి అంతా స్వీడిష్‌లో చెప్పింది. కిటికీ తెరవమన్నదీ, తెరిచాక ఏం చూసి నవ్విందీ. చెప్తూ ఏడ్చింది. ఎల్మా తడితలతో వెనక్కి తిరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ కళ్ళలో ప్రేమ ఉంది, కానీ చెప్పింది ఒక్క ముక్క చేరలేదు. మళ్ళీ అదే అడిగింది:

"సెప్పవేటే? మీ అమ్మ ఏటనింది?"

సివ్‌కు మాటలు తెలుసు. కిటికీ అన్న మాట తెలుసు, వెలుతురు అన్న మాట తెలుసు. విన్నప్పుడు తెలుస్తాయి. పిలిస్తే ఒక్కటీ నోటికి రాలేదు.

తర్వాతి సోమవారం అందరం కాఫీ బల్ల చుట్టూ కూర్చున్నాం. సివ్ ఒక్కొక్కరినీ అడుగుతూ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. కుక్కలంటే భయం ఎవరికి, పిల్లి ఉంటే తుమ్ములు ఎవరికి, బరువు మనిషిని లేపగలిగేది ఎవరు, పిల్లల కోసం తొందరగా ఇంటికి చేరాల్సింది ఎవరు. ఒకరు చెప్తుంటే ఇంకొకరికి గుర్తొచ్చేది. బోర్డు రోజుల్లో గొడవలైన సంగతులన్నీ ఇప్పుడు మాటలుగా వచ్చాయి. చివర్లో లోయవాళ్ళ పాత మాట ఎవరికి వచ్చో అడిగింది. కొత్తగా చేరిన మార్యుత్ చెయ్యెత్తింది. నది అవతలి పిల్ల, రోజూ వంతెన దాటి వస్తుంది.

"ఇక్కడివాళ్ళ యాస వేరు. కానీ మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంటుంది, నాకు బానే వచ్చు" అంది.

సివ్ తన పేరు దగ్గరకు వచ్చి ఆగింది. "అర్థమవుతుంది. మాట్లాడడం రాదు" అని పైకి చదువుతూ ఎక్కించింది.

నేను ఆమె మోచెయ్యి పొడిచాను. "వచ్చని పెట్టుకోవే. పరీక్ష ఎవరు పెడతారు?"

"రాదుగా" అంది.

రెండో రోజు పొద్దున కార్ల షెడ్డులో ఫోన్లు చూసుకున్నాం. కూసివారా మార్యుత్‌కు వచ్చింది. ఆ రోజే కాదు, వారమంతా. సివ్ తన ఫోను వంక చూస్తూ నిలబడింది. ఆమె నోటి నుంచి ఆవిరి వస్తూ ఉంది, కదలడం లేదు.

"ఒక్క అంకె మారిస్తే చాలు కదా" అన్నాను మెల్లగా. "తలుపు నీ చేతిలోనే ఉంది."

"చాలు" అంది. కాసేపటికి ఫోను జేబులో పెట్టి, కారు అద్దం మీది మంచు గీకడం మొదలుపెట్టింది.

కొన్ని వారాల్లో ఎల్మా మనిషైంది. తింటోంది, స్నానానికి తనే లేస్తోంది. మార్యుత్ ఆఫీసుకు వచ్చి, "ఆవిడ నోరు మూతపడదు, నాకు ఆలస్యమైపోతోంది, ఆ ఇంటికి ఇంకాస్త టైము కలపండి" అని సివ్‌నే అడిగింది. సివ్ కలిపింది. మిగతా ముసలివాళ్ళ ఇళ్ళలో కూడా ముఖాలు కుదురుకున్నాయి. నా దారి కూడా మనిషి నడిపేటట్టు అయింది. వసంతంలో ఆగ్నెటా సివ్‌కు ఆఫీసులో వారానికి మూడు రోజుల పని ఇచ్చింది, ప్రోగ్రామ్ చూసుకోవడానికి.

మొదటి రోజునే సివ్ నా దగ్గరకు వచ్చింది. "నువ్వూ హన్నెలె దగ్గరకు వెళ్ళాలి."

"నాకెందుకు? నువ్వున్నావుగా."

"అందుకే వెళ్ళమంటున్నా. ఇప్పుడు లోపల ఏముందో నాకొక్కదానికే తెలుసు. నేను నిన్ను మరిచిపోయి అంకె వేశానా లేదా? మళ్ళీ వేస్తాను. అప్పుడు నువ్వు అరవడం కాదు, ఎక్కడ తప్పో వేలు పెట్టి చూపించాలి. అందరూ చూపించగలగాలి."

వెళ్ళాను. నా కంప్యూటర్ కూడా నన్ను ఎర్ర అక్షరాలతో తిట్టింది. చెట్ల అతను రెండోసారి నేర్చుకోవడానికి వచ్చాడు, ఈసారి భార్యను వెంటబెట్టుకుని. ఏ గుర్తు ఎక్కడ మరిచిపోయానో అతనే చూపించాడు.

నదిలో మంచు కదిలి పోయాక, ఎల్మాకు కొత్త మంచం వచ్చింది, మీట నొక్కితే లేచేది. దాన్ని ఎలా వాడాలో చూపించడానికి నేనూ సివ్వూ కూసివారా వెళ్ళాం. మార్యుత్ కారు అప్పటికే వాకిట్లో ఉంది. వంటింటి కిటికీ తెరిచి ఉంది. లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నాకేం తెలియదు కానీ, ఎల్మా గొంతు అంత పెద్దగా ఉంటుందని అప్పుడే విన్నాను. మధ్యలో మార్యుత్ ఏదో అంది, ఇద్దరూ ఒకేసారి పగలబడి నవ్వారు. సివ్ మెట్టు మీద ఆగిపోయింది. తల కాస్త వంచి వింటూ నిలబడింది. నేను మంచం మీట ఉన్న పెట్టె మోసుకుంటూ వెనకాలే నిలబడ్డాను. చెయ్యి లాగేస్తుంటే పెట్టెను ఇంకో చేతికి మార్చుకున్నాను.

తర్వాత తలుపు తోసి లోపలికి వెళ్ళాం.

మార్యుత్ మమ్మల్ని చూసి లేచి నిలబడింది. "రండి రండి, కాఫీ వేడిగా ఉంది" అంది స్వీడిష్‌లో. ఎల్మా కూడా మాకోసం ఎక్కడెక్కడి నుంచో ఏరుకుని, "కూర్చోండి. దయచేసి" అంది స్వీడిష్‌లో. ఆ మాటలు అని అలిసిపోయి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గదిలో నవ్వు ఇంకా ఉన్నట్టే ఉంది, కానీ ఎవరూ నవ్వడం లేదు. సివ్ మంచం చూపించింది. మీట నొక్కింది, లేపింది, దించింది. కాఫీ తాగాం. బయల్దేరుతుంటే ఎల్మా ఆమె బుగ్గ తట్టింది.

తిరిగొచ్చేటప్పుడు కారు నేను నడిపాను. రెయిన్‌డీర్లు రోడ్డుకు అడ్డంగా నిలబడితే ఆపి, అవి కదిలేదాకా కూర్చున్నాం.

"మా అమ్మా అంతే" అంది సివ్, ముందుకు చూస్తూ. "వంటింట్లో పొరుగావిడతో మా మాటలో మాట్లాడుతూ ఉండేది. బయటికి వినిపించేది. ఆ కబుర్ల కోసం నేను గుమ్మంలోకి వెళ్ళేసరికి ఆపేసి, 'ఏం కావాలమ్మా' అనేది స్వీడిష్‌లో."

"నువ్వేమనేదానివి?"

రెయిన్‌డీర్లు ఒక్కొక్కటే పక్కకు తప్పుకున్నాయి. నేను గేరు వేశాను.

"పాలు అనేదాన్ని" అంది.